ఇరవై రెండు సెంట్ల బూడిద

కూర్మయ్యకు ఒక గొప్ప ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్క సామానూ జారవిడవలేదని. కెమిస్ట్రీ ల్యాబులో అటెండరంటే మాటలా! పొద్దున వెళ్ళింది మొదలు బీకర్లు, ఫ్లాస్కులు, గాజు గొట్టాలు. కడగాలి, ఆరబెట్టాలి, ఎవరివి వాళ్ళ బల్ల మీద సర్దాలి. కొత్తగా చేరిన స్కాలర్లు నెలకు రెండేసి పగలగొట్టి తెల్లమొహాలు వేస్తే, కూర్మయ్య చీపురు తెచ్చి ఊడుస్తూ, "ఇరవయ్యెనిమిదేళ్ళయినాది బాబూ, నా సేతిలోంచి ఒక్కటీ జారనేదు" అనేవాడు. వినేవాళ్ళు ఉన్నా అనేవాడు, లేకపోయినా అనేవాడు.

అలాంటి మనిషి చేతిలోంచి కిందటేడు జనవరిలో ఒక డబ్బా జారింది. గాజుది కూడా కాదు, ప్లాస్టిక్ డబ్బా. అది పగల్లేదు గానీ మూత ఊడి, లోపలున్నదంతా అప్పుడే కడిగిన తడి నేల మీద ఒలికిపోయింది.

ఒలికింది బూడిద. బూడిదేగా, దానికింత రాద్ధాంతమా అంటారు మీరు. ఖర్మ, కూర్మయ్య కూడా అలాగే అనుకున్నాడు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ బూడిద షీబాది. షీబా పాతపట్నం పిల్ల. తండ్రి పాల్ అక్కడ టైలరు, ఆదివారం పూట బాప్టిస్టు చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. నాలుగేళ్ళ కిందట ఆ పిల్ల పీహెచ్‌డీలో చేరిన రోజు, ఏ అలమారలో ఏముందో తెలియక బిక్కుబిక్కుమంటూ నిలబడితే, దగ్గరుండి అన్నీ చూపించింది కూర్మయ్యే. ఆ రోజు నుంచి "బాబాయ్" అని పిలవడమే గాని పేరెట్టి పిలిచింది లేదు. ఇంటి నుంచి పచ్చడి తెస్తే సగం సీసా కూర్మయ్యది. అతనికి పిల్లలు లేరు. ఆ పిలుపు కోసం సెలవు రోజున కూడా ల్యాబుకి వచ్చేవాడంటే అతిశయోక్తి కాదు.

షీబా చేసే పని కూర్మయ్యకు అర్థమయ్యేలా ఆ పిల్లే చెప్పింది. ఊక కాలిస్తే వచ్చే బూడిదలో ఉండేదంతా ఇసకలో ఉండే సిలికాయేనట. ఆ బూడిదను కాస్టిక్ సోడా నీళ్ళలో మరగబెడితే సిలికా కరిగి నీళ్ళలోకి దిగుతుంది. వడకట్టి, అందులో సబ్బులాంటి మందొకటి కలపాలి. ఆ మందు నీళ్ళలో కంటికి కనపడని సన్నటి పుల్లల్లా జట్టు కడుతుంది. అప్పుడు చుక్క చుక్కగా యాసిడ్ వేస్తే, కరిగిన సిలికా ఆ పుల్లల చుట్టూ పేరుకుని, విరిగిన పాలలా తెల్లగా అడుక్కి దిగుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, కొలిమిలో కాలిస్తే లోపలి సబ్బు కాలిపోయి, పుల్లలున్న చోటల్లా చిల్లులు మిగులుతాయి. ఆ చిల్లుల పొడిని మురికినీళ్ళలో వేస్తే రంగులూ విషాలూ ఆ చిల్లుల్లోకి పోయి కూర్చుంటాయి, నీళ్ళు తేటపడతాయి.

"ఎన్ని సిల్లులుంటే అంత మంచిదన్నమాట" అన్నాడు కూర్మయ్య.

"అంతే బాబాయ్. చెంచాడు పొడిలో ఉన్న చిల్లుల గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే ఎంత జాగా వస్తాదో లెక్కకడతారు. విశాఖలో పెద్ద మిషనుంది. అక్కడికి పంపితే చదరపు మీటర్లలో చెప్తారు."

చదరపు మీటర్లంటే కూర్మయ్యకు ఎక్కలేదు. షీబా ఫోన్లో లెక్క వేసి సెంట్లలోకి మార్చింది. ఒక గ్రాము పొడిలో ఏడు సెంట్లు.

"ఓర్నాయనో! నా ఇంటి జాగాయే మూడు సెంట్లు. సెంచాడు బుగ్గిలో ఏడు సెంట్లేటమ్మా!" అని బుగ్గలు నొక్కుకున్నాడు కూర్మయ్య. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్య అదే కొలత. మొదటి రకం ఏడు సెంట్లు, నాలుగోది ఎనిమిది, తొమ్మిదోది ఆరున్నర. పదహారు రకాలు చేసినా ఎనిమిది దాటలేదు. బూడిదేమో రైసుమిల్లు బాయిలర్లోది. సగం కరిగేది, సగం మొరాయించేది.

పదిహేడో రకం కోసం మిల్లు బూడిద తెచ్చి, పది రోజులు కూర్చుని దంచి, సన్నజల్లెడ పట్టి డబ్బాకెత్తింది కూర్మయ్యే. అప్పుడు షీబా ఊళ్ళో లేదు, తండ్రికి కంటి ఆపరేషనని వెళ్ళింది. సోమవారం వస్తుంది. కొలిమి ఆమె వంతుకు వచ్చేది ఆ వారమే, అది దాటితే మళ్ళీ నెల. శనివారం సాయంత్రం కూర్మయ్య నేల కడిగాడు, డబ్బా పక్కకు జరపబోయాడు, జారింది.

తడినేల మీద ముద్దైపోయిన బూడిద కేసి చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ పది రోజులు దంచే వ్యవధి లేదు. చెబుదామా అంటే ఇరవై ఎనిమిదేళ్ళ గొప్ప అడ్డొచ్చింది. ఊడ్చేసి, తుడిచేసి, బస్సెక్కి ఊరికి పోయాడు.

ఇంట్లో అటక మీద వాళ్ళమ్మ అసిరమ్మ దాచుకున్న బూడిద కుండ ఉంది. అసిరమ్మకు ఎనభై దాటాయి. నోట్లో ఒక్క పన్ను లేదు. అయినా ఏటేటా కొత్త ఊక రాగానే కాల్చి పళ్ళపొడి చేయించడం మానదు. వీధిలో నలుగురు ముసలాళ్ళకు పంచిపెట్టి, మిగిలింది తన చిగుళ్ళకు రుద్దుకుంటుంది. ఆ కుండలో ఇంకా ఉప్పు కలపలేదు. ఉత్త బూడిదే. ఊక బూడిదే. మిల్లుదైతేనేం, అమ్మదైతేనేం, బూడిద బూడిదే కదా అనుకున్నాడు కూర్మయ్య. ఆదివారం పూట ఎవరూ చూడకుండా కుండ ఖాళీ చేసి, సంచిలో పోసి, ల్యాబుకి పట్టుకొచ్చి, డబ్బాకి నింపేశాడు.

సోమవారం షీబా మూత తీసి, "ఏటి బాబాయ్, ఈసారి ఇంత తెల్లగా ఉన్నాది?" అంది.

"బాగా జల్లించినానమ్మా" అన్నాడు కూర్మయ్య. ఆ ఒక్క అబద్ధమే ఆడాడు పాపం. ఆ తర్వాత ఆడాల్సిన అవసరమే రాలేదు, నోరు మూసుకుంటే సరిపోయింది.

మూడు వారాలకు విశాఖ నుంచి కాగితం వచ్చింది. షీబా లెక్క వేసింది, నమ్మలేదు, మళ్ళీ వేసింది. కేక పెట్టింది. ఇరవై రెండు సెంట్లు! ల్యాబంతా పరుగెత్తుకొచ్చింది. గైడు లక్ష్మీనరసింహం గారు, నవ్వితే ముత్యాలు రాలతాయన్నట్టుండే మనిషి, ఆయన కూడా పళ్ళు కనపడేలా నవ్వారు. షీబా డిపార్టుమెంటంతా మిఠాయి పంచింది. పాతపట్నం చర్చిలో పాల్ కృతజ్ఞతా ప్రార్థన చేయించి, అందులో "కూర్మయ్య గారి చేతి కష్టాన్ని" కూడా తలచాడట. ఆ మాట షీబా చెప్పినప్పుడు కూర్మయ్య నోట్లో ఉన్న లడ్డూ మింగుడు పడలేదు. ఇక చెప్పండి, ఆ సంతోషం మీద నీళ్ళు చల్లగలడా ఎవడైనా?

ఇంటి దగ్గర ఇంకో కుంపటి రాజుకుంది. ఉప్పు కలుపుదామని కుండ దింపమన్న అసిరమ్మకు ఖాళీ కుండ దిగింది. ఆ వారమే కోడలు పద్మకుమారి అటక దులిపింది. ఇంకేముంది!

"ఒలే, నా బూడిద పారబోసినావు కదే! పేస్టు తోముకునే దొరసానికి ముసిల్దాని బూడిద మసిలాగ కనపడినాదేటి?"

"నాను ముట్టుకోనేదత్తా. నా తోడు."

"నీ తోడెవుడికి గావాల?"

అసిరమ్మ ఆ రోజు నుంచి కోడలితో మాట మానేసింది. ఉన్నవాళ్ళు ముగ్గురు. అందులో ఇద్దరి మధ్య మాటల్లేకపోతే మూడోవాడి గతేమిటి? "ఒరే కూర్మా, ఆ మనిషిని అంబలి పొయ్యమను" అంటుంది తల్లి. పక్కనే ఉన్న పెళ్ళాం, "పోసినానని సెప్పండి" అంటుంది. కూర్మయ్య తలొంచుకుని అన్నం తినేవాడు. చెబితే పోయేదే. కాని అక్కడ చెబితే ఇక్కడ చెప్పాలి. ఇక్కడ చెబితే పిల్ల గొప్ప కాస్తా గాలికి పోతుంది. పైగా రిటైర్మెంటు ఆ డిసెంబర్లోనే. వెళ్ళిపోయే ముందు మచ్చ పడుతుందని భయం కూడా ఉంది, ఎందుకు దాచాలి.

షీబా రాసిన పేపరు ఏదో పెద్ద పత్రికకు వెళ్ళింది. వాళ్ళు, బాగుంది, అదే పద్ధతిలో మళ్ళీ మూడు సార్లు చేసి చూపించండి అన్నారు. ఆ పిల్ల అదే మిల్లుకు పోయి, అదే బూడిద తెచ్చి, అదే కొలతలతో చేసింది. పద్దెనిమిదోది ఏడు సెంట్లు. పంతొమ్మిదోది ఎనిమిది. ఇరవయ్యోది ఏడు. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. యాసిడ్ మార్చింది, నీళ్ళు మార్చింది, కొలిమి వేడి మార్చింది. మిల్లు వాళ్ళను అడిగింది, ఆ నెలలో బాయిలర్ ఏమైనా మార్చారా అని. వాళ్ళు నవ్వారు. పక్క ల్యాబుల్లో గుసగుసలు మొదలయ్యాయి, అంకెలు వండిందని. కూర్మయ్య చెవినా పడ్డాయి. మామూలుగా అయితే అలా అన్నవాడి బీకర్లు వారం రోజులు కడక్కుండా వదిలేసేవాడు. ఇప్పుడు ఆ హక్కు కూడా తనకు లేదనిపించింది.

ఆగస్టులో ఒక రోజు లక్ష్మీనరసింహం గారు షీబాను పిలిచారు. కూర్మయ్య టీ గ్లాసులు తీయడానికి వెళ్ళి అక్కడే ఉన్నాడు.

"అమ్మా, నేను నిన్ను నమ్ముతాను. కాని నా నమ్మకం గ్రాఫులో కనపడదు. దసరా లోపల ఇది మళ్ళీ రాకపోతే పేపరు వెనక్కి తీసుకుందాం. థీసిస్ వేరే అంశం మీద మొదలుపెట్టాలి."

వేరే అంశమంటే ఇంకో మూడేళ్ళు. ఫెలోషిప్పు డిసెంబరుతో ఆఖరు. మొదలుపెట్టడమన్నది మాటవరసకే, ఇంటికి పొమ్మన్నట్టే. ఆ సంగతి షీబాకు తెలుసు, కూర్మయ్యకూ తెలుసు.

మధ్యాహ్నం ఆ పిల్ల సింకు దగ్గర నిలబడి, కడిగిన ఫ్లాస్కునే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది. కూర్మయ్య వెళ్ళి అందుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"బాబాయ్, నిజం చెప్పు. పదిహేడోది నిజంగానే వచ్చింది కదా? నువ్వు చూశావు కదా? నేనే ఏదో తప్పు రాసుకుని, రాసింది నిజమనుకుంటన్నానా? నాకు నా మీదే నమ్మకం పోతన్నాది బాబాయ్."

గుసగుసలు సరే, పేపరు సరే. పిల్ల తనను తానే అనుమానించుకుంటోంది. ఇంతకంటే పాపం ఇంకోటి ఉంటుందా?

"అమ్మా, నువ్వు రాసినది నిజమే. నానే అబద్ధం" అన్నాడు.

అక్కడే సింకు పక్కన నిలబడి మొత్తం చెప్పేశాడు. డబ్బా జారడం, ముద్దైపోవడం, అటక, కుండ, జల్లెడ. చెప్పినంతసేపూ తలెత్తలేదు. "నన్నేటన్నా అనమ్మా. కొట్టు. ప్రొఫెసర్ గారికి సెప్పి మెమో ఇప్పించు. నువ్వు మట్టుకు తప్పు సెయ్యనేదు" అన్నాడు ఆఖర్న.

షీబా ఫ్లాస్కు పక్కన పెట్టింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏడు నెలలు, బాబాయ్" అంది.

"అవునమ్మా."

"మార్చి నుంచి నిద్రపోలేదు నేను."

కూర్మయ్య కండువాతో మొహం కప్పుకున్నాడు. ఇంతలో కిసుక్కున నవ్వు వినిపించింది. చూస్తే ఆ పిల్ల ఒకపక్క కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగానే నవ్వుతోంది. "పళ్ళపొడా? నా పీహెచ్‌డీ అంతా మీ అమ్మ పళ్ళపొడి మీద నడిచిందా? అయ్యో ప్రభువా! తెల్లగా ఉందని నేనూ చూశాను కదా. ఎందుకుందని అడగాల్సింది నేను కదా. రాసుకోలేదు, అడగలేదు. సగం తప్పు నాది బాబాయ్. లే, సార్ దగ్గరికి పోదాం పద."

లక్ష్మీనరసింహం గారు అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మెమో ఇవ్వాలయ్యా నీకు" అన్నారు. కూర్మయ్య చేతులు కట్టుకున్నాడు. "ఇస్తాన్లే, తర్వాత. ముందు ఆ బూడిద తీసుకురా."

బూడిద ఎక్కడుంది? కుండ ఖాళీ. అమ్మ ఎలా చేస్తుందో కూర్మయ్యకు తెలిసినంత వరకు చెప్పాడు. ఊక కుప్పపోసి, నడుమ నిప్పు కణిక పెట్టి, మంట లేవకుండా రెండు రోజులు నిదానంగా కాలనివ్వాలి. షీబా వెంటనే పట్టేసింది. మిల్లు బాయిలర్లో మంట ఎక్కువ, అందుకే సిలికా బిగుసుకుపోయి కరగడం లేదు. డిపార్టుమెంటు వెనక ఇటుకలు పేర్చి, ఊక పోసి, రెండు రోజులు కాపలా కాసి కాల్చారు. వచ్చింది బూడిద. కాని తెలుపు కాదు, నల్ల మచ్చలతో బూజు రంగు. పొడి చేసి విశాఖ పంపితే పదకొండు సెంట్లు. ఏడు కంటే మెరుగే. ఇరవై రెండుకు ఇంకా సగం దూరం.

"మీ అమ్మగారిని అడగాలి బాబాయ్" అంది షీబా.

ప్రొఫెసర్ గారి ముందు నిలబడడం ఒక ఎత్తు, అసిరమ్మ ముందు నిలబడడం ఒక ఎత్తు. అయినా చేసిందానికి అనుభవించాలి కదా. ఆ ఆదివారం చర్చి అయ్యాక షీబాను వెంటబెట్టుకుని ఊరికి వెళ్ళాడు.

అసిరమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. పద్మకుమారి గుమ్మంలో నిలబడి, వచ్చిన పిల్లకు మంచినీళ్ళిచ్చింది. కూర్మయ్య మెట్టు మీద కూర్చుని, నేల కేసి చూస్తూ, జనవరిలో కుండ ఖాళీ చేసింది తనేనని చెప్పాడు.

చేట ఆగింది. అసిరమ్మ కొడుకును ఎగాదిగా చూసింది. "ఒరే దొంగ సచ్చినోడా! ఆ మనిషిని నానెన్ని మాట్లన్నాను రా! నువ్వు పక్కనే కూకుని అన్నం మింగినావు కదరా!" చేతిలో చేట విసిరింది. అది కూర్మయ్య భుజానికి తగిలి కింద పడింది, బియ్యం చెల్లాచెదరయ్యాయి.

తర్వాత ముసలామె గుమ్మం వైపు తిరిగింది. ఏడు నెలల తర్వాత మొదటిసారి.

"ఒలే పద్దీ. నువ్వు కాదు. నాను పాపం కట్టుకున్నానే."

పద్మకుమారి కిందకు దిగి, వంగి, ఒలికిన బియ్యం చేటలోకి ఎత్తసాగింది. "ఇప్పుడైనా తెలిసినాది కదత్తా. సాలు" అంది. కన్నీళ్ళు బియ్యంలో పడుతున్నాయి. అసిరమ్మ చెయ్యి చాపి కోడలి నెత్తి మీద పెట్టి, చాలాసేపు తియ్యలేదు. షీబాకు ఎటు చూడాలో తెలియలేదు. కూర్మయ్య అయితే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అందరూ కుదుటపడ్డాక, షీబా తాము కాల్చిన బూడిద పొట్లం విప్పి చూపించింది. అసిరమ్మ వేలితో కలిపి, పెదవి విరిచింది.

"ఇదేటి, బొగ్గుపొడి. ఉత్తి ఊక కాల్సినారేటి? తరవాణిలో నానబెట్టనేదేటి?"

"తరవాణిలోనా?" అన్నారు షీబా, కూర్మయ్య ఒక్కసారే.

తరవాణి అంటే తెలుసు కదా, అన్నమూ గంజీ పోసి పులియబెట్టిన కుండ నీళ్ళు. ఆ ఇంటి మూల తరాల నుంచి ఉంది ఆ కుండ. బాగా పులిసిన నీళ్ళను ఊక మీద పోసి నానబెడతారట, తర్వాత కాలుస్తారట. కూర్మయ్య ఎప్పుడూ కాల్చడమే చూశాడు. నానబెట్టడం పెరట్లో ఆడవాళ్ళ పని. అరవై దాటినా పెరట్లో ఏం జరుగుతుందో తెలియని మగవాళ్ళలో అతనొకడు.

"ఎందుకు మామ్మా అలాగ?" అంది షీబా.

"మా అత్త సెయ్యమన్నాది, సేసినాను. ఎందుకో ఆవిణ్ణడగాల. ఆవిడ పోయి నలబయ్యేళ్ళయినాది. ఇప్పుడు నాకు నడుం వంగదు. పదేళ్ళ బట్టి నానబెడతన్నది ఇదే. దీన్నడుగు."

దీన్నంటే పద్మకుమారిని. పారబోసిందని ఏడు నెలలు మాటపడ్డ మనిషే ఆ బూడిదను చేసిందన్నమాట. పద్మకుమారి సిగ్గుపడుతూ చెప్పింది. రెండు పగళ్ళు నానాలి. నీళ్ళు పచ్చగా దిగుతాయి, అవి వంచేసి మళ్ళీ పుల్లనీళ్ళు పొయ్యాలి. ఆఖర్న బావి నీళ్ళతో, కింద పడే నీళ్ళు తేటపడేదాకా కడగాలి. బాగా ఎండాలి. అప్పుడు కాలిస్తే మల్లెపువ్వులా వస్తుంది. "నానొకపాలి తొందరపడి కడక్కుండా కాల్సినాను. నల్లగా వచ్చినాది. అత్త తిట్టినాది" అంది.

షీబా నోట్‌బుక్కు తీసి ఒక్కో మాటా రాసుకుంటోంది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది. "పొటాషియం" అంది తనలో తను. తర్వాత అందరికీ చెప్పింది. ఊకలో ఒక రకం ఉప్పు ఉంటుంది, అది వేడికి కరిగి సిలికాను ముద్ద కట్టించేస్తుంది, బొగ్గు లోపల ఇరుక్కుపోయి కాలదు. పుల్లనీళ్ళు ఆ ఉప్పును ముందే లాగేస్తాయి. "ల్యాబుల్లో దీనికి యాసిడ్ వాడతారు. పుస్తకాల్లో ఉంది. చదివాను కూడా. మిల్లు బూడిద తేరగా దొరుకుతోందని ఊక దాకా పోలేదు నేను" అంది. అని, నోట్‌బుక్కు మూసి, అరుగు మీదకు వంగి, ఆ ముసలామె రెండు కాళ్ళూ పట్టుకుంది. "మామ్మా, మీ కుండ నన్ను బతికించింది" అంది.

"పో పిల్లా, తరవాణి కుండ అందర్నీ బతికిస్తాది. ఆకలేస్తన్నాదేటి, పొయ్యమంటావా?" అంది అసిరమ్మ.

దసరాకు మూడు రోజుల ముందు విశాఖ నుంచి మూడు కాగితాలు వచ్చాయి. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై రెండున్నర. లక్ష్మీనరసింహం గారు మూడూ బల్ల మీద పరిచి, "కూర్మయ్యా, కూర్చో" అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ గదిలో కూర్మయ్య కూర్చోవడం అదే మొదలు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"పేపర్లో జరిగింది జరిగినట్టు రాయాలి. పదిహేడో రకం మిల్లు బూడిద కాదని, మారిందని. ఎలా మారిందో పేరు లేకుండా కూడా రాయొచ్చు. పొరపాటున అని ఒక్క మాట చాలు. నీ ఇష్టం" అన్నారు ఆయన.

షీబా అతని కేసే చూస్తోంది. కూర్మయ్యకు తన గొప్ప గుర్తొచ్చింది. ఒక్కటీ జారలేదన్న మాట. అచ్చులో పడితే ఇక ఎవరి ముందూ అనలేడు. కాని సింకు దగ్గర ఆ పిల్ల అడిగిన మాట అంతకన్నా బాగా గుర్తుంది.

"రాయండి సార్. జారినాదని రాయండి. ఆలీసంగా సెప్పినానని కూడా రాయండి" అన్నాడు.

మెమో సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. కూర్మయ్య గుర్తు చేయనూ లేదు.

కొత్త సంవత్సరం రెండో తారీఖున, కూర్మయ్య రిటైరైన రెండో రోజున, షీబా అట్ట వేయించిన థీసిస్ ఒకటి, పొడి నింపిన చిన్న సీసా ఒకటి పట్టుకుని వాళ్ళింటికి వచ్చింది. కొత్త ఊక అప్పటికే పెరట్లో నానుతోంది. అసిరమ్మ సీసా మూత తీసి, షీబా వద్దు వద్దంటున్నా వినకుండా, వేలికద్దుకుని చిగుళ్ళకు రుద్దుకుంది.

"మెత్తగున్నాది. ఉప్పు సాల్లేదు."

షీబా పడీపడీ నవ్వింది. తర్వాత ఆమె పక్కన కూర్చుని, చెంచాడు పొడిలో ఇరవై రెండు సెంట్ల జాగా ఉందని, కూర్మయ్యకు చెప్పినట్టే చెప్పింది. అసిరమ్మ నవ్వలేదు. సీసాను చేతిలో తిప్పి తిప్పి చూసింది. ఆమె బుద్ధెరిగిన నాటి నుంచి ఊళ్ళో ప్రతి మడిలోనూ నాట్లు వేసింది, ప్రతి మడిలోనూ కోతలు కోసింది. వాటిలో ఒక్క సెంటు కూడా ఆమెది కాదు.

"ఇరవై రెండు సెంట్లు. మరి పట్టా ఎవరి పేరున రాసినారే?" అంది.

షీబా థీసిస్ తెరిచింది. పుస్తకమంతా ఇంగ్లీషే. మొదట్లో ఒక్క పేజీ మాత్రం ప్రొఫెసర్ గారిని అడిగి తెలుగులో వేయించింది. అసిరమ్మకు చదువు రాదు. పుస్తకాన్ని తీసుకుని కొడుక్కి కాదు, కోడలికి అందించింది. "ఒలే పద్దీ, సదువు."

పద్మకుమారి చేతులు తుడుచుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

"ఈ పుస్తకంలోని సిలికా, శ్రీమతి అసిరమ్మ గారి పద్ధతిలో తయారైనది. ఆ పద్ధతిని అత్తగారి నుంచి ఆమె, ఆమె నుంచి శ్రీమతి పద్మకుమారి గారు నేర్చుకున్నారు. నాకు నేర్పినది వారిద్దరే. నా డబ్బా జారవిడిచి, ఆ సంగతి నాతో చెప్పిన మా కూర్మయ్య బాబాయికి నేను బతికున్నన్నాళ్ళూ కృతజ్ఞురాలిని."

తన పేరు దగ్గర ఆమె గబగబా చదివి దాటేసింది. కూర్మయ్య పెరటి గుమ్మం పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. అసిరమ్మ కోడలి చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంకోపాలి సదువే" అంది. "నీ పేరు కాడ నిదానంగా."

పద్మకుమారి మొదటి నుంచి మళ్ళీ చదివింది.